ఇంగ్లీషు మాటకు బరువెక్కడ?
(వేదికపై మాట్లాడే హాస్టల్ విద్యార్థుల కోసం ఒక పాఠం)



వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే చాలు, ప్రొద్దుటూరు హాస్టల్లోనైనా, జమ్మలమడుగు హాస్టల్లోనైనా, పులివెందుల హాస్టల్లోనైనా ఒకే సందడి. ఒకరు ఇంగ్లీషులో స్వాగతం చెప్పాలి. ఒకరు రాజ్యాంగ పీఠిక చదవాలి. నలుగురైదుగురు కలిసి ఒక చిన్న ఇంగ్లీషు నాటిక వేయాలి. మాటలు బట్టీ పట్టడం మనకు కష్టం కాదు. వారం రోజులు స్టడీ అవర్ తర్వాత కూర్చుంటే వచ్చేస్తాయి. కానీ వేదిక ఎక్కి, ఒక్క మాట కూడా మరిచిపోకుండా చెప్పినా, ముందు వరుసలో కూర్చున్న అతిథి ముఖంలో అర్థం కాని చూపు కనిపిస్తుంది. దిగి వచ్చాక “యాస వల్ల అర్థం కాలేదు” అంటారు.

ఇంగ్లీషు ఐటంలు తయారు చేసే పనిలో ఉన్న మేము ఈ మాటను చాలాసార్లు విన్నాము. ఇది నిజమేనా అని పరిశీలించాము. మాకు తేలింది ఏమిటంటే, అర్థం కాకపోవడానికి చాలావరకు కారణం యాస కాదు. మాటలో బరువు పడవలసిన చోట పడకపోవడం. ఈ రెండూ వేర్వేరు సంగతులు. మొదటిది మన ఊరి గుర్తు. రెండవది నేర్చుకుంటే వచ్చే విద్య. ఈ పాఠంలో ఆ విద్యను వీలైనంత సులభంగా చెప్పడానికి ప్రయత్నిస్తాము.

1. రెండు భాషలు, రెండు తూకాలు

తొమ్మిది, పది తరగతుల్లో మనం ఛందస్సు చదువుకున్నాము. ఒక మాత్ర కాలంలో పలికేది లఘువు, రెండు మాత్రల కాలం పట్టేది గురువు. అంటే తెలుగు మాటను మనం కాలంతో తూస్తాము. ‘జమ్మలమడుగు’ అన్నప్పుడు ‘జ’ గురువు, మిగిలినవన్నీ లఘువులు. అయినా ఏ అక్షరాన్నీ మింగెయ్యము. ‘మ్మ’, ‘ల’, ‘మ’, ‘డు’, ‘గు’ అన్నీ స్పష్టంగా వినబడతాయి. బంతిలో కూర్చున్న అందరికీ వడ్డించినట్టు ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి అందుతుంది.

ఇంగ్లీషు తూకం వేరు. అక్కడ ఒక మాటలో ఒకే ముక్కకు పెద్దపీట. ఆ ముక్కను సిలబుల్ అంటారు. ఒక అచ్చు, దాన్ని అంటిపెట్టుకున్న హల్లులు కలిస్తే ఒక సిలబుల్. రెండు మూడు సిలబుల్స్ ఉన్న మాటలో ఒకదాన్ని కొంచెం గట్టిగా, కొంచెం పొడుగ్గా, కొంచెం పై స్వరంలో పలుకుతారు. దీన్ని ‘ఊనిక’ అంటారు. ఊనిక పడని సిలబుల్స్ మెత్తబడిపోతాయి. వాటిలోని అచ్చు ఏదైనా సరే, చాలాసార్లు పెదవులు కదిలీ కదలనట్టు పలికే పొట్టి ‘అ’గా మారిపోతుంది.

‘బనానా’ అనే మాటనే చూడండి. ఇంగ్లీషు స్పెల్లింగులో మూడు చోట్లా ఒకే అచ్చు అక్షరం ఉంది. పలికేటప్పుడు మాత్రం నడిమిదే నిండుగా వినబడుతుంది: బ'నాన. మొదటిది, చివరిది నీడల్లా ఉంటాయి. ఇక్కడ మేము పెట్టిన చిన్న గీతను గమనించండి. నిఘంటువుల్లో ఊనిక పడే సిలబుల్‌కు ముందు ఇలాంటి గీతే పై భాగంలో ఉంటుంది. ఈ పాఠం అంతటా అదే గుర్తు వాడుతున్నాము.

ఇంగ్లీషు వినడానికి అలవాటు పడిన చెవి ముందు బరువు ఎక్కడుందో వెతుక్కుంటుంది. దాన్ని బట్టే మాటను గుర్తు పడుతుంది. బరువు తప్పు చోట పడితే, అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నా ఆ చెవికి అది వేరే మాటలా తోస్తుంది. ఇది మా ఊహ కాదు. హైదరాబాదులో 1958లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ (నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) తరఫున ఆర్.కె. బన్సల్ గారు భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతోందో పరీక్షించి 1969లో పుస్తకం ప్రచురించారు. అర్థం కాకపోవడానికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో మాటలోని ఊనిక తప్పడం ఒకటి. ఆ పరిశోధన భారతీయులందరి ఇంగ్లీషు గురించి. కాబట్టి ఇది ఒక్క కడప జిల్లా లోపమని ఎవరైనా అంటే నమ్మకండి.

2. మనం రోజూ వాడే మాటలు

ఈ కింది మాటలు మనకు తెలుగు మాటలంత పరిచయం. అందుకే వీటి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. తెలుగులో మాట్లాడేటప్పుడు తెలుగు తీరున పలకడంలో తప్పు లేదు. ఇంగ్లీషు ప్రసంగంలో మాత్రం ఇలా పలకండి.

హోటల్ – హో'టెల్ (బరువు రెండవ దాని మీద)
డెవలప్ – డి'వెలప్
కమిటీ – క'మిటి
ఈవెంట్ – ఇ'వెంట్
కలెక్టర్ – క'లెక్టర్
సర్టిఫికెట్ – సర్'టిఫికట్
ఇండస్ట్రీ – 'ఇండస్ట్రి (బరువు మొదటి దాని మీద)

ఒకే కుటుంబంలోని మాటల్లో కూడా బరువు చోటు మారుతుంది. 'ఫోటగ్రాఫ్ అంటే ఫోటో. ఫ'టాగ్రఫర్ అంటే తీసే మనిషి. ఫోట'గ్రాఫిక్ అంటే ఫోటోకు సంబంధించిన. మూడింటిలో మూడు చోట్ల బరువు పడింది. బరువు జరిగిన కొద్దీ అచ్చులు కూడా మారాయి, గమనించారా?

కొన్ని మాటల్లో బరువు మారితే పనే మారుతుంది. 'రెకార్డ్ అంటే నమోదైన వస్తువు, నామవాచకం. రి'కార్డ్ అంటే నమోదు చేయడం, క్రియ. 'ప్రెజెంట్ అంటే బహుమతి, ప్రి'జెంట్ అంటే సమర్పించడం. 'ఆబ్జెక్ట్ అంటే వస్తువు, అబ్'జెక్ట్ అంటే అభ్యంతరం చెప్పడం. బహుమతి ప్రదానం వేళ మైకు పట్టుకునే వాళ్ళకు ఇది తప్పక పనికి వస్తుంది.

అంకెలు చదివేటప్పుడు మరో జాగ్రత్త. 13ను థర్'టీన్ అని చివర బరువుతో, 30ని 'థర్టి అని మొదట బరువుతో పలకాలి. ఇది తేడా చేయకపోతే 13 మందికి బహుమతులన్నది 30 మందికని వినబడుతుంది. పాపం, మిగిలిన పదిహేడు మంది చప్పట్లు కొట్టి కూర్చోవాలి!

3. రాజ్యాంగ పీఠికే మన పాఠ్యపుస్తకం

ఊనికకు అన్నిటికీ సూత్రాలు లేవు. కానీ కొన్ని తోకలు (ప్రత్యయాలు) ఉన్న మాటలకు మంచి సూత్రాలున్నాయి. వాటిని నేర్చుకోవడానికి రాజ్యాంగ పీఠిక కంటే మంచి పాఠం మాకు దొరకలేదు. 1949 నవంబరు 26న ఆమోదం పొందిన పీఠికను మన హాస్టళ్ళలో ఎందరో చదువుతారు. అందులోని మాటలు చూడండి.

మొదటి సూత్రం: చివర ‘ఇటి’ వస్తే, దానికి సరిగ్గా ముందున్న సిలబుల్‌కు బరువు. ఇ'క్వాలిటి (సమానత్వం), ఫ్ర'టర్నిటి (సౌభ్రాతృత్వం), 'డిగ్నిటి (గౌరవం), 'యూనిటి (ఐక్యత), ఇన్'టెగ్రిటి (సమగ్రత). ఇందులో చివరి మాట 1976లో 42వ సవరణ ద్వారా చేరింది. ఒక్క పీఠికలోనే ఈ సూత్రానికి ఐదు ఉదాహరణలు దొరికాయి.

రెండవ సూత్రం: చివర ‘షన్’ వచ్చినా అంతే, ముందున్న దానికి బరువు. కాన్‌స్టి'ట్యూషన్, 'నేషన్, ఎక్స్'ప్రెషన్.

మూడవ సూత్రం: చివర ‘ఇక్’ వస్తే దాని ముందున్న దానికి బరువు. రి'పబ్లిక్, డెమ'క్రాటిక్. ఇదే మాట డెమోక్రసీ అయితే బరువు వెనక్కి జరిగి డి'మాక్రసి అవుతుంది.

సూత్రానికి అందనివి కొన్ని ఉన్నాయి, వాటిని గుర్తు పెట్టుకోవడమే మార్గం: 'లిబర్టి, 'జస్టిస్, 'సావ్రిన్, 'సోషలిస్ట్, 'సెక్యులర్.

డాక్టర్ అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఈ మూడింటినీ విడదీయలేమని, ఒకటి లేకుంటే మరొకటి నిలవదని వివరించారు. ఆ మూడు మాటలను మనం వేదిక మీద పలుకుతున్నప్పుడు చివరి వరుసలోని తల్లిదండ్రుల దాకా, ముందు వరుసలోని అధికారుల దాకా స్పష్టంగా చేరాలి. అవి మన గురించి రాసిన మాటలు. గొణిగి మింగెయ్యదగినవి కావు.

4. వాక్యంలో బరువు

మాటలోనే కాదు, వాక్యంలో కూడా అన్నిటికీ ఒకే బరువు ఉండదు. నామవాచకం, క్రియ, విశేషణం లాంటి అర్థం మోసే మాటలకు బరువు. ‘ద’, ‘టు’, ‘ఆఫ్’, ‘అండ్’ వంటి అతుకు మాటలకు బరువు ఉండదు, అవి త్వరగా జారిపోవాలి. మనం చేసే పొరపాటు వాటికి కూడా పూర్తి మర్యాద చేయడం. “వి 'వెల్‌కమ్ యు టు ది 'యాన్యువల్ 'డే అవ్ అవర్ 'హాస్టల్” అన్న వాక్యంలో నాలుగు చోట్ల మాత్రమే బరువు ఉంది. మిగతావి ఆ నాలుగింటి మధ్య సర్దుకుంటాయి.

నటులకు ఇంకో సంగతి ముఖ్యం. తెలుగులో ఒక మాటను నొక్కి చెప్పాలంటే మనకు చక్కటి ఏర్పాటు ఉంది. ‘నేనే వచ్చినా’, ‘నేను కూడా వచ్చినా’, ‘వచ్చింది నేను’. చిన్న అక్షరం చేర్చో, మాటల వరుస మార్చో పని జరుపుకుంటాము. ఇంగ్లీషులో మాటలు ఉన్నచోటే ఉంటాయి, బరువు మారుతుంది. “ఐ డిడ్ నాట్ టేక్ యువర్ పెన్” అనే వాక్యాన్ని తీసుకోండి.

‘ఐ’ మీద బరువు వేస్తే: నీ పెన్ను తీసుకున్నది నేను కాదు, వేరెవరో.
‘టేక్’ మీద వేస్తే: తీసుకోలేదు, ఊరికే చూసినా.
‘యువర్’ మీద వేస్తే: తీసుకున్నా గానీ అది నీది కాదు.
‘పెన్’ మీద వేస్తే: పెన్ను కాదు, ఇంకేదో తీసుకున్నా.

మాటలు మారలేదు, కథ మాత్రం నాలుగు రకాలుగా మారింది. నాటికలో ఈ ఒక్క వాక్యంతో దొంగా, దొరా ఇద్దరూ బయటపడతారు. అందుకే పాత్ర ఏమనుకుంటున్నదో ముందు తెలుసుకుని, తర్వాతే సంభాషణ బట్టీ పట్టాలి.

5. మన వైపు పలుకుబడి: ఏది దిద్దుకోవాలి, ఏది వదిలేయవచ్చు?

మన మూడు ఊళ్ళ పిల్లల ఇంగ్లీషును విని మేము కొన్ని అలవాట్లు రాసుకున్నాము. ముందుగా అర్థానికే అడ్డం వచ్చేవి, అంటే తప్పక దిద్దుకోవలసినవి:

(అ) చివర అచ్చు చేర్చడం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మనకు ‘బస్సు’, పెన్ ‘పెన్ను’. ఇంగ్లీషు ప్రసంగంలో ఇదే చేస్తే ఒక సిలబుల్ పెరిగిపోయి బరువు లెక్క తప్పుతుంది. పైగా ‘గుడ్’ అనబోయి ‘గుడ్డు’ అంటే శుభోదయం కాస్తా కోడిగుడ్డు అయిపోతుంది.

(ఆ) ముందు అచ్చు చేర్చడం. స్కూల్‌ను ‘ఇస్కూల్’ అనడం. ‘స్’ను పాములా సాగదీసి తర్వాత ‘కూల్’ అని కలిపితే సరిపోతుంది.

(ఇ) ‘ఎ’కు ముందు ‘య’, ‘ఒ’కు ముందు ‘వ’ రావడం. ‘యాడికి పోతాండావు’, ‘వొగటి’ అనే నోటికి ఇది సహజం. కానీ ఇంగ్లీషులో ‘ఈస్ట్’ అంటే తూర్పు, ‘యీస్ట్’ అంటే రొట్టె పిండిని పులియబెట్టేది. ‘ఇయర్’ చెవి, ‘యియర్’ సంవత్సరం.

(ఈ) ఒత్తులు. స్పెల్లింగులో ఒకే హల్లు రెండుసార్లు కనిపిస్తే మనం ‘సమ్మర్’, ‘బట్టర్’, ‘హ్యాప్పీ’ అని ద్విత్వంగా పలుకుతాము. ఇంగ్లీషులో ఒకే హల్లు పలుకుతుంది: 'సమర్, 'బటర్, 'హ్యాపి.

(ఉ) శ, ష, స తేడా. ‘సెప్పు’, ‘సూడు’ అనే ఊళ్ళలో ‘షాపు’ ‘సాపు’ అవుతుంది. ‘షీ’ అంటే ఆమె, ‘సీ’ అంటే చూడటం. నాలుక కొంచెం వెనక్కి పెట్టి, పెదవులు ముందుకు తెస్తే ‘ష’ వస్తుంది.

(ఊ) రెండు రకాల ‘వ’. పడమర అనే ‘వెస్ట్’కు పెదవులు గుండ్రంగా చుట్టాలి. బనియన్ అనే ‘వెస్ట్’కు పై పళ్ళు కింది పెదవికి తాకాలి.

(ఋ) ‘జీరో’, ‘ఫాదర్’ లోని మొదటి శబ్దాలు. ఇవి తెలుగు ‘జ’, ‘ఫ’ కావు. ఇక్కడ మనకు ఇంటి పక్కనే గురువులున్నారు. ప్రొద్దుటూరులో ఉర్దూ మాట్లాడే స్నేహితులు ‘జమీన్’, ‘ఫర్క్’ అంటున్నప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ శబ్దాలే ఇవి. వాళ్ళు మనకు ఇవి నేర్పితే, మనం వాళ్ళకు ‘ళ’, ‘ణ’ నేర్పవచ్చు.

ఇక వదిలేయదగినవి. మన ‘ట’, ‘డ’ ఇంగ్లీషు వాళ్ళవాటికంటే నాలుక మడిచి పలికేవి. ‘థింక్’, ‘దిస్’ అనేటప్పుడు వాళ్ళ నాలుక పళ్ళ మధ్యకు వస్తుంది, మనది పళ్ళ వెనక ఆగుతుంది. వీటి వల్ల మాట అర్థం కాకపోవడం అరుదు. పది రోజుల సాధన సమయాన్ని వీటి మీద ఖర్చు చేయకండి. ఊనిక మీద పెట్టండి.

6. యాసకు సిగ్గు ఎందుకు?

మాలో ఒకరు ఒక పోటీలో ఇంగ్లీషు ప్రసంగం చేసి దిగుతుంటే వెనుక బెంచీల్లోంచి “సీమ ఇంగ్లీష్” అని నవ్వు వినబడింది. తర్వాత ఆ నవ్విన వాళ్ళలో ఒకరు మైకు ముందుకు వచ్చి ‘డెవలప్’ను మొదటి అక్షరం మీద బరువు వేసే పలికారు! వాళ్ళ పట్నపు యాస వాళ్ళను కాపాడలేదు. మన సీమ యాస మనల్ని చెడగొట్టలేదు. కానీ ఆ నవ్వు విన్న పిల్లవాడు మళ్ళీ ఏడాది పాటు ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు. ఆ నష్టం చిన్నది కాదు. ఈ పాఠం రాయడానికి అసలు కారణం అదే.

ఇంగ్లండులోనే అందరూ ఒకలా మాట్లాడరు. దక్షిణాన ‘బస్’ అనేది ఉత్తరాన ‘బుస్’కు దగ్గరగా వినబడుతుంది. దక్షిణం వాళ్ళ ‘బాత్’ ఉత్తరం వాళ్ళకు ‘బ్యాత్’. స్కాట్లండు వాళ్ళ ‘ర’ వేరు, అమెరికా వాళ్ళ ‘ర’ వేరు. ఇంగ్లీషుకూ ఒక జమ్మలమడుగు, ఒక పులివెందుల ఉన్నాయన్నమాట. బెర్నార్డ్ షా రాసిన ‘పిగ్మేలియన్’ నాటకం 1914లో లండన్‌లో ప్రదర్శించారు. పూలమ్ముకునే ఒక పేద అమ్మాయి పలుకును మార్చి ఆమెను దొరసానిగా చలామణి చేయించే కథ అది. ఉచ్చారణను బట్టి మనిషి విలువ కట్టే సమాజాన్ని షా అందులో ఎత్తి చూపించాడు. తమ దేశంలో తమ భాష మాట్లాడే వాళ్ళకే ఆ బాధ తప్పలేదు.

మన వైపు చరిత్ర కూడా తక్కువది కాదు. తెలుగు నాటకానికి పేరు తెచ్చిన సురభి సంస్థ 1885లో మన జిల్లాలోని సురభి గ్రామంలో ‘కీచక వధ’ ప్రదర్శనతో పుట్టింది. జమ్మలమడుగుకు పడమర, అదే పెన్నేటి ఒడ్డున ఉన్న తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ తెలుగు, కన్నడ నాటకాలతో పాటు షేక్‌స్పియర్ నాటకాలను ఇంగ్లీషులో నటించి మెప్పించారు. పెన్నేటి నీళ్ళు తాగిన నోటికి షేక్‌స్పియర్ పలకదని ఎవరంటారు?

మన యాస కూడా శాస్త్రజ్ఞులు శ్రద్ధగా చదివినదే. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విభజించినప్పుడు రాయలసీమ దక్షిణ మండలంలో చోటు చేసుకుంది. ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన ఇంగ్లీషువాడు సి.పి. బ్రౌన్ తెలుగును శ్రద్ధగా నేర్చి 1852లో నిఘంటువులు ప్రచురించాడు. మనమూ పరాయి భాషను అదే శ్రద్ధతో నేర్చుకుందాము. అందులో చిన్నతనమేమీ లేదు.

నాటిక వేసే వాళ్ళకు ఒక సూచన. పాత్ర ఇంగ్లండు న్యాయవాది అయితే ఒక పలుకు, పులివెందుల చీనీ తోట రైతు అయితే ఒక పలుకు ఉండాలి. రైతు పాత్రకు మన యాసే అందం. ఊనిక సరిగ్గా ఉంచి, శబ్దాల్లో మన వాసన మిగల్చండి. అర్థమూ అవుతుంది, పాత్రా బతుకుతుంది. అయితే నవ్వించడానికి మాత్రమే మన యాసను వాడకండి.

7. పది రోజుల సాధన

1–2 రోజులు: ప్రసంగాన్ని పెద్ద అక్షరాలతో రాసుకోండి. రెండుకు మించి సిలబుల్స్ ఉన్న ప్రతి మాటనూ నిఘంటువులో చూసి, బరువు గీతను పెన్సిలుతో పెట్టండి. ఫోన్ నిఘంటువు అందుబాటులో ఉంటే మాటను విని సరిచూసుకోండి.

3–5 రోజులు: మన ఊళ్ళలో చెక్కభజన చూడని వాళ్ళు లేరు. ఆ చెక్కలే మన సాధనం. వాక్యం చదువుతూ బరువు పడే చోట మాత్రమే చెక్క కొట్టండి. చెక్కలు లేకుంటే అన్నం ప్లేటు, చెంచా చాలు. దెబ్బ దెబ్బకూ మధ్య కాలం ఇంచుమించు సమంగా ఉండేలా, నడిమి చిన్న మాటలను సర్దండి. షేక్‌స్పియర్ పద్యపంక్తి ఎక్కువగా ఇలాగే నడుస్తుంది: తేలిక, బరువు, తేలిక, బరువు అని ఐదు జతలు, మొత్తం పది సిలబుల్స్.

6–7 రోజులు: చదివే వాళ్ళు వరండాలో ఒక కొసన, వినే వాళ్ళు మరో కొసన నిలబడండి. వినే వాళ్ళ చేతిలో ప్రసంగం ఉండకూడదు. విన్నది కాగితం మీద రాయాలి. వాళ్ళు తప్పు రాసిన మాటలే మనం దిద్దుకోవలసిన మాటలు. చిన్న తరగతుల పిల్లలతో కూడా ఈ పరీక్ష పెట్టండి.

8–9 రోజులు: మైకుతో సాధన. నోటికి జానెడు దూరం ఉంచండి. ‘ప’, ‘బ’లు మైకులో పేలకుండా ముఖం కొద్దిగా పక్కకు తిప్పండి. మామూలు వేగంలో ముప్పాతిక వేగంతో మాట్లాడండి. వాక్యం చివర గొంతు పడిపోనివ్వకండి.

10వ రోజు: దిద్దడం ఆపండి. పూర్తిగా ఒకసారి చెప్పి నిద్రపోండి.

మిత్రులారా, మన ఇంగ్లీషు ఎవరికీ నకలు కానక్కరలేదు. వినేవాళ్ళకు అర్థమైతే చాలు. యాస మనది, దాన్ని ఉంచుకుందాము. ఊనిక వాళ్ళ భాషది, దాన్ని నేర్చుకుందాము. మీలో ఎవరైనా వచ్చే వార్షికోత్సవానికి పేరు ఇవ్వాలా వద్దా అని తటపటాయిస్తుంటే, రేపే వెళ్ళి పేరు రాయించండి. చెక్కలు, పెన్సిలు, పాత నిఘంటువు పట్టుకుని మేము మీ పక్కన కూర్చుంటాము.